ఆటోనగర్ కార్ల షెడ్డు: యజమాని ఊళ్ళో లేని రోజున

విజయవాడలో బండి మరమ్మతు అంటే జవహర్ ఆటోనగరే. లారీ బాడీలు కట్టేవారి నుంచి లేత్ పనివారి వరకు, రేడియేటర్లు అతికేవారి నుంచి సీట్లు కుట్టేవారి వరకు అందరూ ఒకే చోట దొరికే ఆ ప్రాంతంలో, ఒక లోపలి రోడ్డులో ఉన్న కార్ల షెడ్డు గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. నా పాత డీజిల్ కారును కొంతకాలంగా అక్కడికే ఇస్తున్నాను. షెడ్డు పేరు రాయవద్దని యజమాని కోరారు. ఉన్న మనుషులు చేయగలిగినన్ని బండ్లే ఒప్పుకోవాలన్నది ఆయన నియమం. కొత్తవారు ఎక్కువగా వస్తే మొహమాటానికి ఆ నియమం తప్పవలసి వస్తుందని ఆయన భయం. పేరు లేని సమీక్ష ఎవరికి ఉపయోగమని అడగవచ్చు. ఇందులో నేను ప్రధానంగా చెప్పదలచినది ఆయన తన మనుషుల చేత పని చేయించే తీరు గురించి కాబట్టి, మీరు బండి ఇచ్చే ఏ షెడ్డునైనా ఇదే కంటితో చూసుకోవచ్చు.

యజమాని స్వయంగా మెకానిక్. హెల్పరుగా చేరి, మేస్త్రి అయి, ఆ తరువాత సొంత షెడ్డు పెట్టుకున్నారు. ఆటోనగర్‌లో ఈ కథ చాలామందిదే. ఉదయం వచ్చిన ప్రతి బండిని ఆయన ఒక మెకానిక్‌కు అప్పగిస్తారు. మన ఫిర్యాదును ఆ మెకానికే విని, అట్టముక్క మీద రాసి, కింద తన పేరు వేసి వైపరుకు తగిలిస్తాడు. పని పూర్తయ్యాక మనల్ని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీద నడిపి చూపించేదీ అతడే. పెద్ద సర్వీస్ సెంటర్లలో మన మాట వినే అడ్వైజరు వేరు, స్పానరు పట్టే మనిషి వేరు. ఎడమ ముందు చక్రం గోతిలో పడినప్పుడల్లా టకటకమంటోందని మనం వివరంగా చెప్పినది జాబ్ కార్డు మీదికి వచ్చేసరికి ‘సస్పెన్షన్ శబ్దం’ అనే రెండు మాటలుగా మిగులుతుంది. ఈ షెడ్డులో అలా జరగదు. అంతకన్నా ముఖ్యంగా, పేరు తనది కాబట్టి పని కూడా తనదే అన్న భావం మెకానిక్‌లో కనిపిస్తుంది.

ఒకసారి ఇంజన్ ఆయిల్ మార్పిస్తున్నప్పుడు, ఐటీఐ పూర్తి చేసి కొత్తగా చేరిన కుర్రవాడు పాత ఆయిల్ దించడానికి అడుగున ఉండే డ్రెయిన్ బోల్టును అతిగా బిగించడంతో ఆయిల్ చాంబరులో మర పోయింది. నా కారుకు చాంబరు అల్యూమినియంది, బోల్టు ఉక్కుది. అటువంటి చోట దెబ్బతినేది ఎప్పుడూ చాంబరే. అతడు బోల్టుకు టేపు చుట్టి ఎక్కించి, ఆయిల్ పోసి నన్ను పంపించివేసినా ఆ పూటకు నాకు తెలిసేది కాదు. ఏ హైదరాబాద్ రోడ్డు మీదనో ఆయిల్ కారిపోయి ఇంజన్ పట్టేసినప్పుడు తెలిసేది. అతడు నేరుగా యజమాని దగ్గరకు వెళ్ళి, ‘అన్నా, చాంబరు మర పోయింది. నేనే ఎక్కువ బిగించాను’ అన్నాడు. యజమాని ముందుగా నా దగ్గరకు వచ్చి, ‘మా వాడి చేతిలో పోయిందండీ. మర మళ్ళీ వేయించి ఇస్తాం, కాస్త ఆలస్యమవుతుంది, ఖర్చు మాది’ అన్నారు. ఆ తరువాత కుర్రవాడిని అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘దేనితో బిగించావురా?’ పొడవైన రాడ్డుతో బిగించాడని తేలింది. నేను మళ్ళీ వెళ్ళేసరికి, అంతవరకు యజమాని బీరువాలో ఉండే టార్క్ రెంచి (బోల్టును ఎంత బిగించాలో అంతే బిగించడానికి వాడే పనిముట్టు) హెల్పర్లకు అందేలా గోడకు వేలాడుతోంది, డ్రెయిన్ బోల్టులను దానితోనే బిగించాలని పైన సుద్దతో రాసి ఉంది.

అంతకుముందు నేను వెళ్ళిన ఒక పెద్ద సర్వీస్ సెంటరు కూడా ఈ నగరంలోనిదే. అక్కడ ఏసీ హాలు, కాఫీ, కూర్చున్నచోటి నుంచే పని చూడటానికి అద్దపు గోడ ఉన్నాయి. ఆ అద్దంలోంచి నేను ఎక్కువగా చూసినది మేనేజరు ఎవరో ఒక టెక్నీషియన్‌ను అందరి ముందూ నిలబెట్టి కేకలు వేయడం. బ్రేకు ప్యాడ్లు మార్చి ఇచ్చిన బండి చక్రం దగ్గర చప్పుడు చేయడంతో వెనక్కి తీసుకువెళితే, బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ బోల్టు వదులుగా ఉందని తేలింది. ఎవరు బిగించారన్నది మాత్రం తేలలేదు. అడ్వైజరు ఫ్లోర్ వైపు, ఫ్లోర్ సూపర్‌వైజరు ఆ రోజు సెలవులో ఉన్న మనిషి వైపు చూపించారు. రోడ్డు మీద నడిపి చూసినట్టు సంతకం మాత్రం కాగితం మీద చక్కగా ఉంది. తప్పు ఒప్పుకున్నవారికి ఆ నెల ఇన్సెంటివ్ కోత పడుతుందని అక్కడి ఉద్యోగి ఒకరు గొంతు తగ్గించి చెప్పారు. అడ్వైజర్లకు కూడా నెలవారీ లక్ష్యాలున్నాయి. అవసరం లేని ఇంజన్ ఫ్లషింగును, ఏసీ క్లీనింగును ప్రతిసారీ వారు ఎందుకు అంటగడతారో నాకు అప్పుడు అర్థమైంది.

1950లో జపాన్ వెళ్ళి అక్కడి పరిశ్రమల పెద్దలకు నాణ్యత పాఠాలు చెప్పిన అమెరికా గణాంకవేత్త డబ్ల్యూ. ఎడ్వర్డ్స్ డెమింగ్, యాజమాన్యాలకు సూచించిన 14 సూత్రాలలో పనిచేసేచోట భయాన్ని తరిమివేయమనడం ఒకటి, కార్మికులకు అంకెల కోటాలు పెట్టవద్దనడం ఇంకొకటి. ఆయన పేరిట జపాన్ ఇచ్చే బహుమతిని మన దేశంలో మొట్టమొదట, 1998లో, అందుకున్నది సుందరం క్లేటన్ సంస్థ బ్రేకుల విభాగమే కాబట్టి మోటారు రంగానికి ఈ మాటలు కొత్తవని ఎవరూ అనలేరు. బ్రేకు పనిలో భయం వల్ల దాగిన తప్పుకు మూల్యం చెల్లించేది బండిలో కూర్చున్నవాడు.

యజమాని గుంటూరులో పెళ్ళికి వెళ్ళిన రోజున నా కారు క్లచ్ పని కోసం షెడ్డులో ఉంది. 1939లో మనస్తత్వ శాస్త్రవేత్తలు కర్ట్ లెవిన్, రోనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ ప్రచురించిన అధ్యయనం ఒకటి నాకు ఇటువంటప్పుడే గుర్తుకు వస్తుంది. పదేళ్ళ వయసు బాలుర బృందాలను వారు వేర్వేరు రకాల పెద్దల కింద ఉంచి చూశారు. అన్నీ తానే ఆజ్ఞాపించే పెద్ద దగ్గర, అతడు గదిలో ఉన్నంతసేపు పని జోరుగా సాగి, బయటికి వెళ్ళగానే పడిపోయింది. పిల్లలతో చర్చించి నిర్ణయించే పెద్ద దగ్గర, అతడు వెళ్ళినా పని దాదాపు అలాగే కొనసాగింది. ఆ రోజు షెడ్డులో నేను చూసినది రెండో రకం. గేరుబాక్సు దించిన మెకానిక్, క్లచ్ ప్లేటు ఆనుకునే ఫ్లైవీల్ మీద గీతలు పడి ఉండటం గమనించి, దాని మీదనే కొత్త క్లచ్ ప్లేటు బిగించకుండా ఆపి, నాకు ఫోన్ చేసి పిలిపించి చూపించాడు. లేత్ మీద చదును చేయించకపోతే కొత్త ప్లేటు కూడా త్వరగా పోతుందని, గేరు వేసి బండి కదిలించినప్పుడు వణుకు వస్తుందని వివరించాడు. ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చోలేదు.

అయితే ఈ నాయకత్వానికి ఒక గట్టి పరిమితి ఉందని కూడా అదే రోజు తెలిసింది. చదును చేయించడానికి ఎంత అవుతుందని అడిగితే ఆ మెకానిక్ చెప్పలేకపోయాడు. పని నిర్ణయాలన్నీ మనుషులకు వదిలేసిన యజమాని, డబ్బు మాట మాత్రం ఎవరికీ వదలలేదు. పెళ్ళిపందిరిలో ఆయన ఫోన్ ఎత్తలేదు. ఫ్లైవీల్ సాయంత్రం వరకు బల్ల మీదనే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషికి ఒక చిన్న లేత్ పని ధర చెప్పే అధికారం లేకపోవడం అతడికి చిన్నతనం, మనకు కాలహరణం. రెండో లోపం అక్కడి ఎలక్ట్రీషియన్. పని తెలిసినవాడే కాని, హెల్పర్లతో, బండి తెచ్చినవారితో కూడా పెడసరంగా మాట్లాడతాడు. యజమానికి తొలినాళ్ళ నుంచి తోడున్నవాడు కాబట్టి ఆయన చూసీ చూడనట్టు ఊరుకుంటారు. మిగిలినవారందరికీ వర్తించే పద్ధతి ఒకరికి వర్తించకపోవడాన్ని కుర్రవాళ్ళు గమనించకుండా ఉండరు.

ధరల విషయానికి వస్తే, లేబరు ఛార్జీలు కంపెనీ సర్వీస్ సెంటర్ల కన్నా తక్కువే కాని, ఆటోనగర్‌లో ఇంతకన్నా చౌకగా చేసేవారు ఉన్నారు. తీసివేసిన పాత సామాను అడగకముందే డిక్కీలో పెట్టి ఇస్తారు. కూర్చోవడానికి రేకుల కింద రెండు కుర్చీలు తప్ప మరే సౌకర్యమూ లేదు. మే నెల మధ్యాహ్నం అక్కడ ఉండటం కష్టం. క్లచ్, బ్రేకులు, సస్పెన్షన్, ఆయిల్ సర్వీసు పనులకు నేను ఇకముందు కూడా అక్కడికే వెళతాను. వారంటీలో ఉన్న బండిని, సెన్సార్ల లోపాలున్న కొత్త తరం బండిని వారికి ఇవ్వమని చెప్పలేను. బండిలోని ఎలక్ట్రానిక్ లోపాలను చదివే వారి స్కానరు పాతది. ఎస్టిమేట్ అదే రోజు కావలసినవారు యజమాని షెడ్డులో ఉన్నారో లేదో ముందుగా కనుక్కుని వెళ్ళడం మంచిది, ముఖ్యంగా పెళ్ళిళ్ళ కాలంలో.