బ్లూక్రాస్ నుంచి నాటు కుక్కపిల్లను దత్తత తెచ్చుకున్న ఏడాదిన్నరకు

మా ఇంటికి కుక్కపిల్ల రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నగరంలోని ఒక దుకాణంలో 18,000 రూపాయలు పోసి లాబ్రడార్ పిల్లను కొన్నాము. అది మా ఇంట్లో తొమ్మిది రోజులే బతికింది. నాలుగో రోజున వాంతులు, ఆ మర్నాడు రక్త విరేచనాలు మొదలయ్యాయి. పార్వో అనే వైరస్ జబ్బు అని పశువైద్యుడు తేల్చి సెలైన్ ఎక్కించేనాటికే అది లేచి నిలబడలేని స్థితికి వచ్చింది. దుకాణదారును అడిగితే "ఇచ్చినప్పుడు బాగానే ఉంది కదా మేడమ్" అన్నాడు. దాని వయస్సు 45 రోజులని అతడే గర్వంగా చెప్పి అమ్మాడు. 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయాల నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మనే కూడదనీ, అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలనీ మాకు అది చనిపోయిన తరువాత తెలిసింది. కొనేముందు అడగవలసిన ప్రశ్న అడగకపోవడం మా తప్పే.

రెండోసారి జూబ్లీహిల్స్‌లోని బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ అనే జంతు సంక్షేమ సంస్థకు వెళ్లాము. అక్కడ దత్తత తీసుకున్న ఆడ కుక్కపిల్ల పేరు రాగి. ఒంటి రంగును బట్టి మా అమ్మాయి పెట్టిన పేరు. ఏడాదిన్నరగా దానితో కలిసి ఉంటున్నాము కాబట్టి, దత్తత అనే ఈ సేవ ఎలా ఉంటుందో, ఎవరికి పనికివస్తుందో, ఎవరికి పనికిరాదో నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

ఈ సంస్థ పేరు చెప్పగానే ఎదుటివారు "అమలగారిదే కదా" అంటారు. అవును, అక్కినేని అమల 1992లో, అంటే ఆమె నటన మానుకుని వివాహం చేసుకున్న సంవత్సరంలోనే, దీనిని స్థాపించారు. 'శివ'తో తెలుగువారందరికీ దగ్గరైన నటి, అవకాశాలు చేతినిండా ఉన్న వయస్సులో సినిమాలు వదిలి, 2012లో మళ్లీ తెరమీదికి వచ్చేదాకా రెండు దశాబ్దాల పాటు గాయపడిన ఎడ్లనూ, బక్కచిక్కిన గుర్రాలనూ, వీధికుక్కలనూ పట్టించుకోవడం అప్పట్లో చాలామందికి వింతగా తోచింది. తరువాత ఆమె తమిళ టెలివిజన్ ధారావాహికలోనూ, వెబ్ సిరీస్‌లోనూ నటించారు గాని, కొత్త తరం పిల్లలు ఆమెను కుక్కల ఆవిడగానే ముందు గుర్తుపడతారు. ఆమె భరతనాట్యం నేర్చుకున్నది చెన్నై కళాక్షేత్రంలో. ఆ కళాక్షేత్రాన్ని స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా జంతుహింసకు వ్యతిరేకంగా బిల్లు తెచ్చి, 1960 నాటి జంతుహింస నివారణ చట్టానికి కారకురాలై, 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. నాట్యంతో పాటు ఆ గాలి కూడా శిష్యురాలికి సోకి ఉంటుందని నా ఊహ. అయినా ఒక సంస్థను దాని స్థాపకురాలి పేరును బట్టి మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. పేరు చూసి వెళ్లినవారికి అక్కడ కనిపించేది సినిమా తళుకు కాదు. ఫినాయిల్ వాసన, ఒకదానిని చూసి ఒకటి అందుకునే మొరుగుళ్లు, పట్టీలు కట్టిన కాళ్లు. పురుగులు పట్టిన గాయాన్ని శుభ్రం చేసే దృశ్యం మొదటిసారి చూసేవారికి కడుపులో తిప్పుతుంది. చిన్నపిల్లలను వెంటబెట్టుకుని వెళ్లేవారు ఈ సంగతి ముందే వారికి చెప్పి తీసుకువెళ్లడం మంచిది.

దుకాణానికీ దత్తతకూ తేడా నాకు అర్థమైనది ప్రశ్నల దగ్గర. దుకాణంలో ప్రశ్నలన్నీ కొనేవారివి: రంగు ఏది, జాతి ఏది, ధర ఎంత తగ్గుతుంది. ఇక్కడ ప్రశ్నలు వాళ్లవి. ఇల్లు సొంతమా, అద్దెదా. అద్దెదైతే యజమాని ఒప్పుకున్నాడా. పగలంతా ఇంట్లో ఎవరుంటారు. ఊరు వెళితే ఎవరికి అప్పగిస్తారు. ఇంతకుముందు పెంచిన కుక్క ఏమైంది. చివరి ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు గొంతు పెగలలేదు. "మీ ఇంట్లో పెద్దవాళ్లకు సమ్మతమేనా అమ్మా?" అని అడిగినప్పుడు మా అత్తగారి మడి సంగతి దాచకుండా చెప్పాను. అయితే ఆవిడను కూడా ఒకసారి తీసుకురమ్మన్నారు. ఆ మాట అప్పుడు చాదస్తంగా అనిపించింది గాని, వారం తరువాత అత్తగారు వచ్చి, కుక్క వంటింటి గడప దాటకూడదన్న ఒక్క షరతు పెట్టి ఒప్పుకోవడంతో, ఇంట్లో రావలసిన గొడవలు సగం అక్కడే తీరిపోయాయి. ఆ తరువాతే దత్తత పత్రం మీద సంతకం. తగిన వయస్సు రాగానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తామనీ, గొలుసు వేసి రోజంతా కట్టి ఉంచబోమనీ అందులో మాట ఇచ్చాము.

ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. దత్తతకు వచ్చే అందరి చూపూ కుక్కపిల్లల మీదే ఉంటుంది. మా చూపూ అంతే. రెండేళ్లు, మూడేళ్లు నిండిన కుక్కలు, ముఖ్యంగా ప్రమాదంలో కాలు పోయినవి, గుడ్డివి, తోకాడిస్తూ మన ముందే నిలబడినా కంటికి ఆనవు. నిజానికి అపార్ట్‌మెంటులో ఉండే ఉద్యోగస్తులకు ఎదిగిన కుక్కే నయం. దాని స్వభావం అప్పటికే తెలిసిపోయి ఉంటుంది, చెప్పులు కొరకదు, రాత్రిళ్లు ఏడవదు. ఇప్పుడు మళ్లీ ఎంచుకోవలసి వస్తే నేను ఎదిగినదాన్నే తెచ్చుకుంటాను.

ఇంటికి తెచ్చాక మొదటి రెండు వారాలు జాగ్రత్తగా గడపాలి. ఏ ఆశ్రయంలోనైనా, అది ఎంత శుభ్రంగా ఉన్నా, వీధుల నుంచి రోజూ రోగిష్టి జంతువులు వస్తూనే ఉంటాయి. పార్వో గాని, డిస్టెంపర్ అనే మరో వైరస్ జబ్బు గాని పిల్లకు అంతకుముందే సోకి, లక్షణాలు ఇంటికి వచ్చాక బయటపడవచ్చు. అందుచేత ఆ రెండు వారాలూ దానిని ఇతర కుక్కలతో కలపకుండా ఉంచి, తిండి మానినా, ముక్కు కారినా, విరేచనాలు పట్టినా ఆ రోజే వైద్యుడికి చూపించాలి. మొదటి కుక్కపిల్ల విషయంలో మేము "రేపు చూద్దాం" అనుకున్న ఆ ఒక్క రోజే ఖరీదైపోయింది. రాగికి మాత్రం ఒంటినిండా గోమార్లు తప్ప వేరే బాధ లేదు. నట్టల మందు వేయించాము, టీకాలు వరుసగా వేయించాము, మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) లైసెన్సు తీసుకున్నాము, ఆపరేషన్ కూడా చేయించాము. దత్తత అంటే ఉచితం అనుకునేవారికి లెక్క చెబుతున్నాను: తిండి కాకుండా మొదటి ఏడాది మందులకూ టీకాలకూ మాకు దాదాపు 9,000 రూపాయలు అయింది. తిండి మాత్రం పెద్ద ఖర్చు కాలేదు. అన్నం, గుడ్డు, వారానికి రెండుసార్లు మాంసం, ఎండాకాలంలో పలుచటి మజ్జిగ. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ దానికి విషమని అత్తగారికి చెబితే, ఉల్లి లేని వంట తమకు కొత్త కాదన్నారు.

హైదరాబాదు వాతావరణానికి నాటు కుక్క ఎంత సరిపోతుందో మే నెలలో చూడాలి. మా పై అంతస్తులోని హస్కీ ఏసీ గది వదిలి బయటికి రాలేక రొప్పుతూ ఉంటే, రాగి బాల్కనీ గచ్చు మీద నీడ వెతుక్కుని నిద్రపోతుంది. లోపం లేదని కాదు. కాపలా బుద్ధి దానికి పుట్టుకతోనే ఉంది కనుక లిఫ్టు తలుపు తెరుచుకున్న ప్రతిసారీ మొరుగుతుంది. ఆ అలవాటు మాన్పడానికి ఆరు నెలలు పట్టింది. ఇప్పటికీ కొరియర్ అబ్బాయిల మీద దానికి నమ్మకం లేదు.

ఈ సంస్థ నుంచి ఆశించకూడనివి రెండు ఉన్నాయి. మొదటిది, పెంచుకున్న కుక్క ముసలిదైతేనో, విదేశాలకు వెళ్లవలసి వస్తేనో తీసుకువచ్చి దింపేసే చోటు కాదిది. అలా దింపడానికి చూసేవారు ఉన్నారు కనుకనే చెబుతున్నాను. రెండవది, "మా వీధిలో కుక్కలు ఎక్కువయ్యాయి, పట్టుకుపోండి" అని చెప్పుకునే చోటు కూడా కాదు. వీధికుక్కల సంతాన నియంత్రణ, రేబిస్ టీకాల బాధ్యత 2023 నిబంధనల ప్రకారం స్థానిక సంస్థది, అంటే నగరంలో నగరపాలక సంస్థది. ఆపరేషన్ అయిన కుక్కకు గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, రేబిస్ సోకినవీ, దాడిచేసే స్వభావం గలవీ తప్ప మిగిలినవాటిని ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటనే వదలాలి. పాఠశాలలు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల పట్టినవాటిని మాత్రం తిరిగి అక్కడ వదలరాదని అదే ఏడాది నవంబరులో చెప్పింది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో కుక్కల గుంపు దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయిన తరువాత ఈ నగరంలో కుక్కల పట్ల భయం ఊరికే వచ్చినది కాదని జంతుప్రేమికులూ ఒప్పుకోవాలి. ఆ భయానికి జవాబు చెప్పవలసిన బాధ్యత ఒక స్వచ్ఛంద సంస్థ మీదికి నెట్టి, పన్నులు వసూలు చేసే కార్యాలయాన్ని వదిలేయడం మాత్రం నాకు న్యాయంగా తోచదు.

పిల్లల పుట్టినరోజుకు కానుకగా కుక్కపిల్ల కావాలనుకునేవారికీ, జాతి పేరు పదిమందికీ చెప్పుకోవాలనుకునేవారికీ, ఒక్కరోజులో పని ముగియాలనుకునేవారికీ ఈ దత్తతను నేను సిఫారసు చేయను. మాకు మొదటిసారి వెళ్లిన రోజుకూ రాగిని ఇంటికి తెచ్చిన రోజుకూ మధ్య రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలు ఓపిక పట్టగలిగినవారు తప్పక వెళ్లవచ్చు. వెళ్లేటప్పుడు మెడపట్టీ, తాడు, ఒక పాత దుప్పటి వెంట తీసుకువెళ్లండి. కుక్కను చూసి ఆటోవాళ్లు కొందరు ఆగరు. దుప్పటిలో చుట్టి ఒళ్లో పెట్టుకుంటామంటే మూడో ఆటో అతను ఎక్కించుకున్నాడు. కూకట్‌పల్లి చేరేదాకా అద్దంలో దాన్నే చూస్తూ నడిపాడు, మీటరు మీద ముప్ఫై రూపాయలు మాత్రం ఎక్కువే తీసుకున్నాడు.