కోనసీమకు అద్దె కారు: పంటు మీద గడిపిన గంటకూ బిల్లు

రాజమహేంద్రవరంలో ఒక అద్దె కార్ల సంస్థ దగ్గర రెండు రోజులకు కారు మాట్లాడుకుని నేనూ మా తోటికోడలూ కోనసీమ తిరిగి వచ్చాం. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివరి వారంలో. ఇద్దరికీ అరవై దాటాయి. ముప్పై ఏళ్లు ట్రెజరీలో బిల్లులు చూసిన దాన్ని కాబట్టి ముందే చెబుతున్నాను: కారుకు వంక పెట్టను, డ్రైవరుకు అసలే పెట్టను. పేచీ అంతా బిల్లుతోనే, అదీ పంటు (కార్లను కూడా నది దాటించే పెద్ద పడవ) దగ్గర గడిచిన గంటతో.

రెండు రోజులకు 300 కిలోమీటర్లు, రోజుకు 10 గంటలు, డ్రైవర్ బత్తా వేరు. ఇదీ ఒప్పందం. దానితో పాటు వాళ్లిచ్చిన కాగితంలో మొదటి రోజే ఏడు గుళ్లున్నాయి. డ్రైవరు అమలాపురం దగ్గరి ఊరివాడు. ఆ కాగితం చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఇన్ని గుళ్లంటే చెప్పులు విప్పడం, తొడుక్కోవడంతోనే పొద్దు పోతుందమ్మా. కాలువ గట్టున పోదామా?" అన్నాడు. మా తోటికోడలు బేరమాడి ర్యాలి, అంతర్వేది గుళ్లకు ఒప్పించింది.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూసి బ్యారేజీ ఎక్కాం. కుడివైపు నిండు గోదావరి, ఎడమవైపు ఇసుక తిన్నెలు. 1852లో కాటన్ దొర కట్టించిన పాత ఆనకట్ట స్థానంలో వచ్చిందే ఈ బ్యారేజీ. దాటగానే కాలువలు, వాటి పక్కన దాళ్వా (రెండో పంట) వరి నాట్లు. లొల్ల లాకుల దగ్గర నీళ్ల హోరులో టీ తాగాం. ఏడు గుళ్ల కాగితంలో ఈ లాకుల ఊసే లేదు.

ఆత్రేయపురంలో రోడ్డు మీది పూతరేకుల కొట్ల దగ్గర ఆపకుండా డ్రైవరు ఒక సందులోకి తిప్పాడు. వసారాలో ఒకావిడ బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు ఎగదోస్తోంది. పలుచటి బియ్యప్పిండి జావలో తెల్లగుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగేసింది. చిన్న బుస్సుమన్న శబ్దం, అంతే. గుడ్డ వచ్చేసింది, కుండకు రేకు మిగిలింది. దాన్ని గోటితో అంచు పట్టి లేపుతుంటే రేకులోంచి ఆవిడ చీర రంగు కనబడింది. మా తోటికోడలు తానూ చేస్తానని కూర్చుంది. ఆమె రేకు మూడు ముక్కలైంది. "పరవాలేదమ్మా, నోట్లోకి వెళ్లేవేగా" అంది ఆవిడ. ఈ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. నెయ్యీ బెల్లమూ వేసినవి కొనండి. చాక్లెట్ పూతరేకులు కూడా అమ్ముతున్నారు, వాటి గురించి నేను మాట్లాడను.

అమలాపురంలో లాడ్జి, దోమలు. మర్నాడు బోడసకుర్రు వంతెన మీద గోదావరి పాయ వైనతేయను దాటి పాశర్లపూడి వైపు వెళ్తుంటే డ్రైవరు వేగం తగ్గించాడు. 1995లో ఇక్కడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. అప్పుడు అర్ధరాత్రి కూడా వాకిట్లో వెలుతురుండేదని వాళ్లమ్మ చెప్పేదట. చెప్పి మళ్లీ మామూలుగా పోనిచ్చాడు.

అంతర్వేది దర్శనం అయ్యాక సఖినేటిపల్లి రేవుకు వచ్చాం. అవతలి ఒడ్డు నరసాపురం. మమ్మల్ని దింపేసి డ్రైవరు కారును పలకల మీదుగా పంటు ఎక్కించాడు. ఒక కుర్రాడు చక్రాల కింద రాళ్లు పెట్టాడు. మోటారు సైకిళ్లు, రొయ్యల బుట్టలు, స్కూలు పిల్లలు, మధ్యలో మా కారు. వశిష్ఠ పాయ మీద గాలికి మా తోటికోడలి కొంగు పక్కాయన తలకు చుట్టుకుంటే పడవంతా నవ్వారు. రేవులో వాహనాలు బారులు తీరి ఉండటంతో ఆలస్యమైంది కానీ, మాకు విసుగనిపించలేదు.

పాలకొల్లు మీదుగా తిరిగొచ్చాక బిల్లు చేతికిచ్చారు. మీటరు 231 కిలోమీటర్లు, పరిమితి లోపే. కింద మాత్రం "అదనపు సమయం: 1 గంట" అని ఉంది. ఆ గంట ఎక్కడిదని అడిగితే పంటు దగ్గరదన్నారు. చక్రం కదలకుండా నది దాటిన కారుకు అదనపు అద్దె ఏమిటని నేను, గంట గంటేనని కౌంటర్లో కుర్రాడు. డ్రైవరు మాత్రం నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు, పాపం.

మీరు వెళ్తే కోనసీమ డ్రైవరునే అడగండి. పంటు దగ్గర గంటలు లెక్కేస్తారో లేదో ముందే కాగితం మీద రాయించుకోండి. రేవులో ఇవ్వడానికి చిల్లర ఉంచుకోండి.

అరగంట వాదించాక ఆ అదనపు సొమ్ములో సగం తగ్గించారు. మిగతా సగానికి రసీదు అడిగాను. పంపిస్తామన్నారు. మూడు వారాలైంది.