సింగిల్ కెమెరానా, మల్టీ కెమెరానా? మణికొండ ఫ్లాట్‌లో తీసేవాళ్ళకి ఏది మేలు

షార్ట్ ఫిల్మ్ చేద్దాం వెబ్ సిరీస్ చేద్దాం అని కృష్ణానగర్ చుట్టూ తిరిగే ప్రతి టీమ్‌లో ఒకడుంటాడు, "అన్నా, రెండు కెమెరాలు పెట్టేస్తే సగం రోజుల్లో లేపేయొచ్చు కదా" అని. వినడానికి బాగానే ఉంటుంది, ప్రొడ్యూసర్‌కి ఇంకా బాగుంటుంది. కానీ ఆ ఫుటేజ్ చివరికి వచ్చి పడేది మా ఎడిటర్ల టైమ్‌లైన్ మీద కాబట్టి చెప్తున్నా, ఆ సగం రోజుల లెక్క స్టూడియో ఫ్లోర్‌లో నిజమే, మణికొండలో అద్దెకి తీసుకున్న టూ బీహెచ్‌కే ఫ్లాట్‌లో మాత్రం పని చెయ్యదు.

కొత్తవాళ్ళ కోసం తేడా ఒకసారి చెప్పేస్తా. సింగిల్ కెమెరా పద్ధతిలో సీన్‌ని ముక్కలు చేస్తారు, ముందు మాస్టర్ (సీన్ మొత్తం కనపడే వైడ్ షాట్), తర్వాత అతని మీద సజెషన్ (ఎదుటి మనిషి భుజం మీదుగా తీసేది), ఆమె మీద సజెషన్, క్లోజులు, ఇన్సర్టులు (చెయ్యో వస్తువో విడిగా తీసేవి), ప్రతిసారీ కెమెరా మారుతుంది లైటు మారుతుంది ఆర్టిస్టులు అదే డైలాగు మళ్ళీ చెప్తారు. మల్టీలో మూడు నాలుగు కెమెరాలు ఒకేసారి రోల్ అవుతాయి, ఆర్టిస్టులు స్టేజీ నాటకంలా సీన్ మొత్తం ఆపకుండా చేసేస్తారు, పీసీఆర్‌లో, అంటే కంట్రోల్ రూమ్‌లో, కూర్చున్న డైరెక్టర్ అప్పటికప్పుడు స్విచర్ (ఒక కెమెరా నుంచి ఇంకోదానికి మార్చే మెషీన్) మీద కట్ చేయిస్తాడు, లేదంటే అన్నీ విడివిడిగా రికార్డ్ చేసి తర్వాత ఎడిట్‌లో చూసుకుంటారు. సింగిల్ పద్ధతి అన్నంత మాత్రాన రెండో కెమెరా అసలు ఉండదని కాదు, అమెరికన్ "ది ఆఫీస్" సిరీస్‌ని సింగిల్ కెమెరా కామెడీ అనే అంటారు కానీ చాలా సీన్లలో రెండు కెమెరాలు తిరుగుతూనే ఉండేవి. "ఫ్రెండ్స్" సిరీస్ మాత్రం పక్కా మల్టీ, అందుకే ఆ కాఫీ షాప్ సోఫా ఎప్పుడూ మన వైపే చూస్తుంటుంది, నాలుగో గోడ ఉండాల్సిన చోట కెమెరాలు, వాటి వెనక జనం.

ఈ మల్టీ పద్ధతికి ఫిల్మ్ మీద ఒక దారి వేసింది 1951లో వచ్చిన అమెరికన్ టీవీ కామెడీ "ఐ లవ్ లూసీ". ఆడియన్స్ ముందు మూడు 35 ఎంఎం కెమెరాలతో తీశారు. దానికి కెమెరామెన్ కార్ల్ ఫ్రాయిండ్, 1927 నాటి జర్మన్ సినిమా మెట్రోపొలిస్‌కి పనిచేసినాయన, నీడలతో ఆడుకున్న మనిషి. అలాంటాయన కూడా ఇక్కడికొచ్చేసరికి పైనుంచి సెట్ మొత్తానికి సమానంగా పడే లైటింగ్ పెట్టుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే మూడు కోణాల్లో ఏ కెమెరా చూసినా మొహం కనపడాలి, మధ్యలో లైటు మార్చడానికి ఆగకూడదు. మల్టీ కెమెరా బలం ఏంటో, దానికి కట్టాల్సిన రేటు ఏంటో ఈ ఒక్క విషయంలోనే ఉంది.

ఇప్పుడు దాన్ని తెచ్చి మన ఫ్లాట్‌లో పెట్టండి. హాలు ఎంతుంటుంది, పన్నెండు అడుగులు బై పద్నాలుగు. తలమీద ఫాల్స్ సీలింగ్, లైటు వేలాడదీసే చోటు లేదు, కాబట్టి స్టాండ్లన్నీ కిందే. ఒక కెమెరా హీరో మీద, ఇంకోటి హీరోయిన్ మీద క్రాస్‌లో పెట్టారనుకోండి, ఒక కెమెరా ఫ్రేమ్‌లో రెండో కెమెరా స్టాండు వస్తుంది, దాన్ని తప్పిస్తే ఇంకోదాని ఫ్రేమ్‌లో లైటు స్టాండు, పక్కకి జరిపితే టీవీ స్క్రీన్‌లో ఫోకస్ పుల్లర్ (కెమెరాకి ఫోకస్ తిప్పే అసిస్టెంట్) రిఫ్లెక్షన్. ఇవన్నీ తప్పించుకోవడానికి రెండు కెమెరాల్నీ పక్కలకి తోసుకుంటూ పోతే చివరికి వచ్చేది ఇద్దరి ప్రొఫైల్, కళ్ళు కనపడవు, ఏడుపు సీన్‌లో చెవి కనపడుతుంది. డీఓపీ (కెమెరామెన్) పాపం ఇద్దరి మొహాలకీ ఒకే సెటప్‌లో లైటు చెయ్యాలి, ఆమెకి కీ లైట్ (మొహం మీద పడే మెయిన్ లైటు) అయింది అతనికి బ్యాక్ లైట్ (వెనక నుంచి పడేది) అవుతుందా చూసుకోవాలి, లైటుని తిప్పికొట్టే థర్మాకోల్ ఎక్కడ పెట్టినా ఒకరి ఫీల్డ్‌లోనే ఉంటుంది. దీనికి పట్టే టైమ్‌లో సింగిల్ కెమెరాతో రెండు సజెషన్లూ అయిపోయేవి. అద్దె అదనం, ఇంకో ఫోకస్ పుల్లర్ అదనం, మొహాలు మాత్రం పాసిపోయినట్టు.

అయితే సింగిల్ గొప్పదే కానీ నొప్పులు దానికీ ఉన్నాయి. ఇరానీ హోటల్‌లో ఇద్దరు ఫ్రెండ్స్ మాట్లాడుకునే సీన్ తీసుకోండి. ఉస్మానియా బిస్కెట్ టీలో ముంచి తింటూ డైలాగు చెప్పాలి. మాస్టర్‌లో ఏ మాట దగ్గర ముంచాడో క్లోజ్‌లో అదే మాట దగ్గర ముంచాలి, అప్పటికి సగం బిస్కెట్ అయిపోయి ఉండాలి, కప్పులో టీ అక్కడిదాకే ఉండాలి. ఆరో టేక్‌కి టీ మీద మీగడ కట్టేస్తుంది, ఆవిరి ఉండదు, కంటిన్యుటీ చూసే అసిస్టెంట్ డైరెక్టర్ ఫోన్‌లో తీసుకున్న ఫొటో చూసుకుంటూ సాసర్ తిప్పుతుంటాడు. అన్నీ చేసినా ఎడిట్‌లోకి వచ్చాక ఒక కట్‌లో బిస్కెట్ కుడి చేతిలో, తర్వాతి కట్‌లో ఎడమ చేతిలో, ఇక ఆ మంచి టేక్ పక్కన పెట్టేసి రియాక్షన్ వేసి కప్పేయాలి. తినే సీన్లు, చిన్నపిల్లలు, కుక్కలు, ఇద్దరు కమెడియన్లు పేపర్ మీద లేనిది ఊరికే అల్లుకుపోయేవి, ఇక్కడ రెండో కెమెరా పెడితే ఎడిటర్ దండం పెడతాడు. ఇంకోటి, సింగిల్‌లో ఎదుటి ఆర్టిస్ట్ తన క్లోజులు అవ్వగానే కారవాన్‌లోకి వెళ్ళిపోతే అసిస్టెంట్ డైరెక్టర్ చదివే డైలాగుకి హీరోయిన్ ఏడవాలి, మల్టీలో ఇద్దరూ ఒకే ఊపులో దొరుకుతారు.

టీవీ షోల సంగతి చెప్పక్కర్లేదు, అక్కడ ఛాయిస్ లేదు. 1996లో మొదలైన పాడుతా తీయగానే చూడండి, పిల్లాడు చరణంలో ఒక సంగతి వేసిన క్షణంలో బాలు గారి మొహం వెలిగిపోయేది, అది ఆ క్షణంలో పట్టుకోకపోతే పోయినట్టే, మళ్ళీ పాడించి తీసేది కాదు. అన్నపూర్ణలో బిగ్ బాస్ హౌస్ కూడా అంతే. ఉప్పల్‌లో మ్యాచ్ అంటారా, బౌలర్‌ని వన్ మోర్ అడగలేం కదా.

సీరియళ్ళది మధ్యస్తం బాపతు. రోజుకో ఎపిసోడ్ ఎయిర్ అవ్వాలంటే ఇరవై నిమిషాల పైన ఫుటేజ్ తెమలాలి, అందుకే రెండు మూడు కెమెరాలు, ఇల్లంతా తెల్లగా లైటింగ్, అర్ధరాత్రి సీన్‌లో కూడా అత్తగారి పట్టుచీర జరీ మెరవాల్సిందే. ఇక్కడ ఒక విషయం ఎవరూ పట్టించుకోరు. మల్టీ కెమెరాలో పెద్ద లాభం సౌండ్, ఒకే టేక్ కాబట్టి ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడినా అన్ని యాంగిల్స్‌కీ అదే ఆడియో సరిపోతుంది. కానీ మన దగ్గర కన్నడం నుంచి వచ్చిన హీరోయిన్‌కి పక్కనుంచి ప్రాంప్టింగ్ ఇస్తుంటారు, ఎలాగూ తర్వాత డబ్బింగే, కాబట్టి ఆ లాభం సగం గోవిందా.

ఫిల్మ్ రోజుల్లో ఈ గోల తక్కువ ఉండేది. 400 అడుగుల 35 ఎంఎం రోల్ నాలుగున్నర నిమిషాలు కూడా రాదు, రెండో కెమెరా అంటే రెండో రోల్, దానికి ప్రాసెసింగ్, కాబట్టి కారు పేలేదో బిల్డింగ్ కూలేదో అయితే తప్ప పెట్టేవాళ్ళు కాదు. ఇప్పుడు కార్డే కదా అని రోల్ చేస్తూ కూర్చుంటున్నారు. బీ కెమెరా, అంటే రెండోదాని, ఫుటేజ్ తెరిచి చూస్తే చాలా వాటిలో మెయిన్ కెమెరా తీసిందే కొంచెం టైట్‌గా, అదే వైపు నుంచి. కట్ చేస్తే జంప్‌లా కొడుతుంది, వాడలేం, కానీ సింక్ చెయ్యాలి, బ్యాకప్ తియ్యాలి, కలర్ మ్యాచ్ చెయ్యాలి.

కాబట్టి నన్నడిగితే, ఫ్లాట్‌లో తీసే కథ అయితే సింగిల్‌కే వెళ్ళండి, రెండో కెమెరాని సిరీస్ మొత్తానికి కాకుండా అవసరమైన రోజుకి మాత్రమే తెచ్చుకోండి, పెళ్ళి సీనో, గొడవ సీనో, గుంపు ఉన్న డిన్నరో షెడ్యూల్‌లో ఒకే రోజుకి సర్దుకుంటే సరిపోతుంది. ఫ్లోర్ దొరికి, మూడు గోడల సెట్ వేసి, ఆర్టిస్టులు పది నిమిషాలు ఆపకుండా చెప్పగలిగితే మల్టీ కళ్ళు మూసుకుని పెట్టొచ్చు, ముందు రోజు రిహార్సల్ మాత్రం తప్పదు. ఏది తెచ్చినా ఒకటి సోనీ ఇంకోటి కానన్ తేకండి, చవగ్గా వస్తుందని చెప్పి, చర్మం రంగు కలపడానికి కలరిస్ట్ అడిగే డబ్బుతో అదే మోడల్ రెండోది వచ్చేస్తుంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి, రెండింట్లో టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకీ పడే టైమ్ నంబరు) కలపండి, కుదరకపోతే కనీసం రెండు ఫ్రేముల్లోనూ కనపడేట్టు ఒకటే క్లాప్ కొట్టండి.