జూలై 14కి ఏ ఫ్రెంచ్ బ్రాందీ కొనాలి?

ఫ్రెంచ్ జాతీయ దినం పేరుతో ఇంటికి నలుగురిని పిలిచి ఒక్క సీసానే తెరవాలనుకుంటే రెమీ మార్టిన్ వీఎస్ఓపీ తీసుకోండి (వీఎస్, వీఎస్ఓపీ, ఎక్స్ఓ అన్నవి బ్రాందీ ఎన్నేళ్ళు ముదిరిందో చెప్పే గుర్తులు). వచ్చేవాళ్ళలో సోడా, అల్లం డ్రింకు కలుపుకునేవాళ్ళే ఎక్కువైతే హెనెసీ వీఎస్ చాలు. విదేశం నుంచి వచ్చే చుట్టం ఉంటే ఆర్మాన్యాక్ అనే ఇంకో రకం ఫ్రెంచ్ బ్రాందీ తెమ్మనండి. ఎక్స్ఓ ఈ రోజుకు వద్దు. వీఎస్ఓపీకి కనీసం రెండింతల ధర పెట్టి, నలుగురి కబుర్ల మధ్య, కారప్పొడి జీడిపప్పుతో తాగితే దాని గొప్పతనం ఎవరికీ అందదు.

1789లో బాస్తీ కోట పడిన రోజుగా, 1880 నుంచి అధికారిక సెలవుగా ఫ్రాన్స్ ఈ రోజును జరుపుకుంటుంది. మనకు మాత్రం చాలా ఏళ్ళలో ఇది ఆషాఢ బోనాల సందడిలో పడుతుంది. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి, లాల్‌దర్వాజా బోనాలప్పుడు నగరంలో వైన్ షాపులు మూయిస్తారు కాబట్టి వారం ముందే కొనిపెట్టుకోండి. మూత మీద ఎక్సైజ్ హోలోగ్రామ్ చిరగకుండా ఉందా, దిగుమతిదారు పేరున్న స్టిక్కర్ అంటించి ఉందా అన్నది కౌంటర్ దగ్గరే చూసుకోవాలి. శంషాబాద్‌లో దిగే ప్రయాణికుడు సుంకం లేకుండా రెండు లీటర్ల వరకు తెచ్చుకోవచ్చు.

మన దగ్గర బ్రాందీ పేరుతో అమ్మే సరుకులో చాలావరకు మొలాసిస్ లేదా ధాన్యం స్పిరిట్‌కు కొంత ద్రాక్ష స్పిరిట్ కలిపి చేసిందే. ఫ్రాన్స్‌లోని కోన్యాక్ ప్రాంతంలో చేసే కోన్యాక్ బ్రాందీ అలా కాదు; రెమీ మార్టిన్, హెనెసీ ఆ కోవవే. దాదాపు అంతా ఉన్యీ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష నుంచే వస్తుంది. ఆ ద్రాక్షతో పుల్లగా, పలుచగా ఉండే వైన్ చేసి, రాగి బట్టీలో రెండుసార్లు కాచి, సుమారు 70 శాతం స్పిరిట్‌గా దించి, ఓక్ పీపాల్లో కనీసం రెండేళ్ళు ఉంచుతారు. లేబుల్ మీద వీఎస్ అంటే కలిపిన వాటిలో అన్నిటికంటే చిన్నదానికి రెండేళ్ళు, వీఎస్ఓపీ అంటే నాలుగు, ఎక్స్ఓ అంటే పది. 2018కి ముందు ఎక్స్ఓకి ఆరేళ్ళే సరిపోయేవి. రంగు చూసి వయసు లెక్క కట్టొద్దు. కారమెల్ కలపడానికి అనుమతి ఉంది, ముదురు రంగుకు చాలాసార్లు అదే కారణం. సీసా మీద ఉత్త ‘ఫ్రెంచ్ బ్రాందీ’ అని ఉండి కోన్యాక్ అన్న మాట లేకపోతే ఈ నియమాలు దానికి వర్తించవు. సెయింట్ రెమీ అలాంటిదే. కలుపుకోవడానికి బాగుంటుంది, కానీ పేరు దగ్గరగా ఉందని రెమీ మార్టిన్‌తో కలగాపులగం చేసుకోకండి.

రెమీ మార్టిన్ వీఎస్ఓపీ ‘ఫీన్ షాంపేన్’ రకం. కోన్యాక్ ప్రాంతంలో సున్నపు నేలలున్న గ్రాండ్ షాంపేన్, పెటీట్ షాంపేన్ తోటల నుంచి మాత్రమే తీసుకుంటారు, అందులో సగానికి తగ్గకుండా గ్రాండ్ షాంపేన్ ఉండాలి. ముందు వెనిల్లా, తర్వాత పండిన ఆప్రికాట్, మింగాక కాసేపు నిలిచే కమ్మదనం. దీని పక్కన మార్టెల్ వీఎస్ఓపీ తేలికగా, పొడిగా తోస్తుంది. వైన్ అడుగున చేరే మడ్డిని తీసేసి తేటను మాత్రమే కాచడం ఆ కంపెనీ పద్ధతి. బరువు ఇష్టపడనివాళ్ళకు అదే నచ్చుతుంది. హెనెసీ వీఎస్‌లో చెక్క ఘాటు, కాల్చిన బాదం రుచి ముందుకు తోసుకొస్తాయి. నీట్‌గా తాగితే కాస్త గరుకు, కలిపితే మాత్రం ఆ గరుకే పనికొస్తుంది: ఐస్ నిండా వేసిన పొడుగు గ్లాసులో 45 మిల్లీలీటర్ల వీఎస్, 120 జింజర్ ఏల్, నిమ్మ చెక్క ఒకటి. సైడ్‌కార్ అనే కాక్‌టెయిల్ చేస్తే 50 మిల్లీలీటర్ల కోన్యాక్, 20 క్వాంత్రో అనే నారింజ లిక్కర్. రెసిపీల్లో నిమ్మరసం 20 అని రాసి ఉంటుంది కానీ, మన చిన్న నిమ్మకాయ పులుపు ఎక్కువ, 15 దగ్గర ఆపండి.

మంచి సీసా కొన్నాక కూడా హైదరాబాద్‌లో ఎక్కువమంది దెబ్బతినేది వేడి దగ్గర. గది ఉష్ణోగ్రతలో తాగాలని ఫ్రెంచివాళ్ళు చెప్పేది 18 నుంచి 20 డిగ్రీల గది గురించి. జూలైలో మన హాల్లో 28, 30 ఉంటుంది. ఆ వేడికి ఆల్కహాల్ ముందు లేచి ముక్కును మండిస్తుంది, పండు వాసన దాని కింద పడిపోతుంది. ‘ఘాటుగా ఉంది’ అని ఐస్ వేస్తారు, అప్పుడు ఉన్న వాసన కూడా ముడుచుకుపోతుంది. తాగడానికి గంట ముందు సీసాను నిలువుగా ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. వెడల్పు బొజ్జ గ్లాసును అరచేతిలో వేడి చేయడం సినిమాలకే బాగుంటుంది. మూతి సన్నగా ఉన్న ట్యులిప్ గ్లాసు, లేదంటే చిన్న వైట్ వైన్ గ్లాసు తీసుకుని 30 మిల్లీలీటర్లు పోసి పది నిమిషాలు వదిలేయండి. మొదట గ్లాసును గడ్డం దగ్గర పట్టి వాసన చూడండి, తర్వాత పైకి తెండి. ఒక్కసారే ముక్కు లోపల పెడితే ముక్కు మొద్దుబారి, ఆ పెగ్గంతా వృథా. ఇంకా మంటగా ఉంటే నాలుగైదు చుక్కల నీళ్ళు చాలు.

బిర్యానీతో కోన్యాక్ పొసగదు. కారానికి మండే నరాలే ఆల్కహాల్‌కూ మండుతాయి, రెండూ కలిస్తే నోట్లో మంట తప్ప ఏమీ మిగలదు. పత్తర్ కా గోష్త్‌తో జింజర్ ఏల్ కలిపిన వీఎస్ నడుస్తుంది. నీట్ పెగ్గు భోజనం అయ్యాక, ఎండు ఆప్రికాట్లతో చేసే ఖుబానీ కా మీఠాతో. దాని మీద ఐస్‌క్రీమ్ కాకుండా చక్కెర లేని మీగడ వేయండి, చల్లదనానికి నాలుక తిమ్మిరెక్కితే బ్రాందీ రుచి తెలియదు.

నిజానికి ఖుబానీకి అసలైన జోడీ ఆర్మాన్యాక్. ఫ్రాన్స్ నైరుతిలోని గాస్కనీ ప్రాంతపు ఈ బ్రాందీని ఎక్కువగా పొడుగాటి బట్టీలో ఒకేసారి, 52 నుంచి 60 శాతం మధ్య దించుతారు. అంత శుభ్రపడదు గనుక ఎండు పండ్ల రుచి, మట్టి వాసన ఎక్కువగా మిగులుతాయి. నిజాం కొలువులో సేనాపతిగా ఉండి 1798లో చనిపోయిన ఫ్రెంచివాడు రేమాన్ (మూసా రాము) పుట్టింది గాస్కనీలోనే. ఆయన సమాధి మూసారాంబాగ్ దగ్గర ఆస్మాన్‌గఢ్‌లో ఉంది. ఈ ఊళ్ళో జూలై 14కి ఇంతకంటే తగిన సీసా మాకు తట్టలేదు. జానో, శాతో ద లోబాద్ పేర్లు వెతకండి. పంట సంవత్సరం రాసి ఉంటే సీసాలో నింపిన తేదీ కూడా చూడాలి. 1990 పంటను 2005లో నింపితే దాని వయసు పదిహేనేళ్ళే, గాజులో బ్రాందీ ముదరదు. ఆపిల్‌తో చేసే నార్మండీ కాల్వడోస్ కూడా ఎవరైనా తెస్తే భోజనం మధ్యలో చిన్న గ్లాసు ఇవ్వండి, అక్కడి అలవాటు అదే.

మిగిలిన సీసాను వైన్‌లా పడుకోబెట్టకండి, స్పిరిట్ తగిలి కార్క్ చెడుతుంది. వెలుతురు పడని అల్మరాలో నిలువుగా ఉంచండి. సగం కిందికి దిగాక గాలి చేరి వాసన తగ్గుతూ వస్తుంది, ఆరు నెలల్లో పూర్తిచేయండి. లేదా చిన్న సీసాలోకి నిండా వంపుకోండి.