పాత దెయ్యాలు, పాత డిటెక్టివులు: నాలుగేళ్ల రాత్రి కాలక్షేపం

అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. తోడు కూర్చున్నవాణ్ని ఊరికే ఎందుకని టీవీ పెట్టడం మొదలుపెట్టాను. నాలుగేళ్లయింది. మోకాలు బాగైంది, అలవాటు మాత్రం ఉండిపోయింది. వారానికి మూడు నాలుగు రాత్రులు, భోజనాలయ్యాక ఒక పాత హారర్ సినిమానో, పాత క్రైమ్ సీరియల్లో ఒక ఎపిసోడో చూస్తాం. చాలావరకు నేను ఎప్పుడో ఒకసారి చూసేసినవే.

ముందు దెయ్యాల సంగతి. రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ 1992లో వచ్చింది. తెనాలిలో చూసొచ్చి, వారం రోజులపాటు పెరట్లోకి ఒక్కణ్నీ వెళ్లలేదు. ఇప్పుడు చూస్తే రేవతికి దెయ్యం పట్టే సీన్లు నన్ను ఏమీ చెయ్యలేదు. ఓంపురి మంత్రగాడిగా దిగితే అమ్మ, “ఈయన్ని ముందే పిలిచుంటే సగం సినిమా మిగిలేది కదరా” అంది. కానీ మొదట్లో మనిషి అలికిడి లేని చోట ఒక అమ్మాయి ఒంటరిగా పరుగులు పెట్టే ఘట్టం ఉంది చూడండి, దానికి మాత్రం ఇప్పటికీ ఒళ్లు జలదరించింది. ఎవరో కంటితో చూస్తున్నట్టు కెమెరా ఇంట్లో తిరిగే షాట్లు కూడా అంతే. నేపథ్య సంగీతం మణిశర్మది. టీవీ స్పీకర్లో అది సగమే వినిపిస్తుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

‘సైకో’ మరీ విచిత్రం. 1960 నాటి నలుపు తెలుపు సినిమా. కాలేజీ రోజుల్లో చూసినప్పుడు అందరిలాగే బాత్రూం హత్య దగ్గర బిగుసుకుపోయాను. అందులో రక్తంగా వాడింది చాక్లెట్ సిరప్ అని తెలిశాక ఆ సీను కాస్త పలచబడింది. ఈసారి నన్ను కూర్చోనివ్వనిది దానికి ముందున్న అరగంట. హత్యకి గురయ్యే ఆ అమ్మాయి, అంతకుముందు తను పనిచేసే చోట 40,000 డాలర్లు తీసుకుని పారిపోతుంది. దారిలో 700 పెట్టి కారు మారుస్తుంది. హోటల్ గదిలో కాగితం మీద 40,000 లోంచి 700 తీసేసి, 39,300 మిగిలిందని లెక్క రాసుకుంటుంది. నేను ఇరవై ఏళ్లుగా బ్యాంకులో క్యాష్ కౌంటర్‌లో ఉన్నాను. సాయంత్రం లెక్క తేలకపోతే కడుపులో ఎలా ఉంటుందో నాకు తెలుసు. తను ఆ కాగితం చింపుతుంటే నాకు చెమటలు పట్టాయి. చివర్లో డాక్టరు వచ్చి జబ్బంతా పాఠంలా చెప్పే భాగం మాత్రం ఇప్పుడు సాగినట్టే ఉంది, నేనైతే దాటేస్తాను.

శవాలు లేచొచ్చే ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ (1968) వెతకబోతే లెక్కలేనన్ని కాపీలు దొరుకుతాయి. విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ ముద్ర వేయడం మర్చిపోయారట, దాంతో అమెరికాలో అది ఎవరైనా వేసుకునే సినిమా అయిపోయింది. అందుకే సగం కాపీలు బూడిద పూసినట్టుంటాయి. మంచి ప్రింటు దొరికేదాకా ఆగండి. మేము ఆగక, ఎవడు బతికున్నాడో ఎవడు శవమో తేలక మధ్యలో ఆపేశాం.

డిటెక్టివుల దగ్గర కథ తిరగబడింది. 1993లో దూరదర్శన్‌లో బాసు చటర్జీ తీసిన ‘బ్యోమ్‌కేశ్ బక్షి’ వచ్చినప్పుడు నాకు హిందీ అంతంతమాత్రం. నాన్న పక్కన కూర్చుని చెప్పేవారు. గ్రామఫోను సూదులతో హత్యలు జరిగే ఎపిసోడు ఒక్కటే బాగా గుర్తు. ఇప్పుడు చూస్తే సెట్లు వెలవెలబోతున్నాయి. ఒక్కో ఎపిసోడు అరగంట లోపే, అందులో బాబుల పేర్లు మాత్రం డజను. అమ్మ రెండుసార్లు వెనక్కి తిప్పించింది. అయినా బ్యోమ్‌కేశ్‌గా రజిత్ కపూర్ ఆ ధోవతిలో తొందర లేకుండా కూర్చుని వినే తీరు ఎంత చూసినా తనివి తీరదు. డిటెక్టివ్ అని పిలిస్తే బ్యోమ్‌కేశ్‌కి చిరాకు, సత్యాన్వేషి అనాలి. అతని స్నేహితుడు అజిత్‌గా వేసిన కె.కె. రైనా ముఖం కూడా గమనించండి, మనకి అర్థం కానిదంతా ఆ ముఖంలోనే కనిపిస్తుంది.

ఇక ‘కొలంబో’, అదే పేరున్న పోలీసు డిటెక్టివ్ కథల అమెరికన్ సీరియల్. నా లెక్కలో ఈ నాలుగేళ్లలో పూర్తిగా గిట్టుబాటైంది ఇదొక్కటే. 1971లో రెగ్యులర్ సీరియల్‌గా మొదలైనప్పుడు తొలి ఎపిసోడు తీసింది స్పీల్‌బర్గ్, అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. కారు రోడ్డు మీద వస్తుంటే, వెనక నుంచి టైప్‌రైటర్ టకటకలు మాత్రమే వినిపిస్తాయి. హంతకుడెవరో మొదటి పావుగంటలోనే చూపించేస్తారు కాబట్టి, రెండోసారి చూసినా పోయేదేమీ లేదు. కొలంబో మాసిన రెయిన్‌కోటు, సిగారు, డొక్కు ప్యూజో కారు వేసుకుని దిగుతాడు. వెళ్లిపోతూ గుమ్మం దగ్గర మళ్లీ వెనక్కి తిరుగుతాడు. ఆ వేషం వేసిన పీటర్ ఫాక్‌కి మూడేళ్లప్పుడే కుడి కన్ను పోయింది, ఆ ఓరచూపుకి అది ఇంకో అందం. అమ్మకి ఇంగ్లీషు రాదు. “చీటీ డబ్బుల కోసం తిరిగేవాడిలా ఉన్నాడురా, ఇచ్చేదాకా వదలడు” అని నవ్వుతుంది. ఒక్కో ఎపిసోడు గంటంపావు నుంచి గంటన్నర, కొన్నింట్లో నడుమ సాగదీత ఉంది. 1989 తర్వాత వచ్చినవి నాకంత రుచించలేదు.

రెండు జాగ్రత్తలు. పాత సీరియళ్లు 4:3 కొలతలో తీసినవి, టీవీ నిండా సాగదీస్తే అందరూ ఉబ్బిపోతారు. కదలికల్ని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ అనే టీవీ సెట్టింగు కూడా తీసెయ్యండి, లేకపోతే ఎంత మంచి సినిమా అయినా పెళ్లి వీడియోలా ఉంటుంది. నేను డబ్బు కట్టిన ఒక యాప్‌లో సబ్‌టైటిల్స్ రెండు సెకన్లు ముందే వచ్చేవి. హంతకుడు నోరు తెరవకముందే నేరం ఒప్పుకునేవాడు. రెండుసార్లు ఫిర్యాదు చేశాను, చివరికి డబ్బు కట్టడం మానేశాను.

మొత్తం 69 కొలంబోలలో మాకింకా పద్నాలుగు ఉన్నాయి. కొలంబో మాటకొస్తే మా ఆవిడ, మా ఆవిడ అంటాడు కదా, ఆవిణ్ని ఎప్పుడు చూపిస్తారని అమ్మ ప్రతి వారం అడుగుతోంది. ఆవిడ అసలు కనిపించదని నేనింకా చెప్పలేదు.