కత్తిరించిన కాగితాలతో లూప్ యానిమేషన్: నా ఫోన్ సెటప్ ఎలా ఉంది?

రంగు కాగితాలు కత్తిరించి, టేబుల్ మీద పరిచి, పైనుంచి ఫోన్‌తో ఒక్కో ఫ్రేమ్ తీస్తూ ఆగకుండా తిరిగే చిన్న యానిమేషన్లు చేయడం కొన్నేళ్లుగా నా అలవాటు. ఫోన్, స్టాండ్, రెండు ఎల్‌ఈడీ దీపాలు, ఒక స్టాప్ మోషన్ యాప్ ఉంటే చాలు. కొత్తవాళ్లంతా ముందు ఏ యాప్ మంచిదని అడుగుతారు. ఇన్నాళ్లు వాడాక నాకు తేలిందేమిటంటే, డబ్బు పెట్టాల్సింది స్టాండ్ మీద, శ్రద్ధ పెట్టాల్సింది వెలుతురు మీద.

ఎటు కావాలంటే అటు వంగే మెడ ఉన్న స్టాండ్ చవకే కానీ, ఫోన్ బరువుకు మెల్లగా కిందికి వాలుతుంది. షూట్ చేస్తున్నప్పుడు అది కంటికి తెలియదు. చివరి ఫ్రేమ్ నుంచి మొదటి ఫ్రేమ్‌కు వచ్చేసరికి మాత్రం బొమ్మంతా ఎగిరిపడుతుంది, లూప్ కాబట్టి చుట్టు చుట్టుకూ ఎగిరిపడుతుంది. టేబుల్ అంచుకు బిగించే ఇనుప స్టాండ్ కొంచెం ఖరీదైనా అదే కొనండి.

కిటికీ వెలుతురు అందంగా ఉంటుంది, కానీ మబ్బు కదిలితే రంగు మారిపోతుంది. కర్టెన్ వేసి దీపాలే వాడాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ వేగం, అంటే కెమెరా వెలుగును లోపలికి రానిచ్చే సమయం, సెకనులో 1/50 లేదా 1/100 వంతు దగ్గర పెడితే ఫ్రేముల మధ్య వెలుగు తేడా రాదు. ఫోకస్, ఎక్స్‌పోజర్ (బొమ్మ ఎంత వెలుగుగా రావాలన్నది), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల సర్దుబాటు) మూడూ మారకుండా లాక్ చేయనివ్వని యాప్ నాకొద్దు, మిగతా హంగులు ఎన్ని ఉన్నా సరే. తెల్లచొక్కా వేసుకుని వంగితే దాని వెలుగు కాగితం మీద పడుతుంది, ముదురు రంగు బట్టలు మేలు. ఇక ఫ్యాన్ ఆపాల్సిందే. మే నెలలో ఇది నిజంగా కష్టం, అందుకే ఎండాకాలమంతా రాత్రిపూటే తీస్తాను.

అసలు ఆనందమంతా లెక్కలో ఉంది. రంగులరాట్నాన్నే తీసుకోండి. 8 ఉయ్యాలలూ ఒకే రంగు, ఒకే ఆకారం అయితే చక్రం పూర్తిగా తిరగక్కర్లేదు. 45 డిగ్రీలు తిరిగేసరికి ఒక్కో ఉయ్యాల పక్కదాని చోటికి వచ్చేస్తుంది. ఫ్రేముకు 5 డిగ్రీల చొప్పున 9 ఫ్రేములు చాలు. పదోది అచ్చం మొదటిదే, దాన్ని తీయకూడదు. తీస్తే ప్రతి చుట్టులోనూ చిన్న తడబాటు కనిపిస్తుంది. ఉయ్యాలల్లో రకరకాల మనుషుల్ని కూర్చోబెట్టాలంటే మాత్రం 72 ఫ్రేములు తప్పవు. అలాగని తొందరపడి, ఒకేలాంటి ఉయ్యాలలున్న చక్రాన్ని ఫ్రేముకు 22న్నర డిగ్రీలు దాటించారో, అది వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. 1832లో బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో తయారుచేసిన తిరిగే బొమ్మల పళ్లెం నడిచిందీ ఈ లెక్కతోనే. సినిమా పుట్టకముందే లూప్ ఉందని తలుచుకుంటే నాకు భలే ఉత్సాహంగా ఉంటుంది.

యాప్‌లో నేను ఎప్పుడూ వాడేది ఆనియన్ స్కిన్, అంటే ముందు తీసిన ఫ్రేమ్ పలచగా పైన కనిపించడం. ముగింపు దగ్గర మొదటి ఫ్రేమ్‌నే అలా చూపించే సదుపాయం నేను వాడేదాంట్లో లేదు. లూప్‌లు చేసేవాళ్లకు ఇది పెద్ద లోటు. అందుకని మొదటి ఫ్రేమ్ తీసేముందే ముక్కల కింద దాగేలా పెన్సిల్ గుర్తులు పెట్టుకుంటాను.

చార్ట్ పేపర్ అంచులు లేస్తాయి, వానాకాలంలో మరీను. 200 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) పైనున్న మందపాటి షీట్ వాడండి. చేతులు, కాళ్లు కదిలే బొమ్మలకు కీళ్ల దగ్గర దారం ముడి వేస్తాను. మన తోలుబొమ్మల అవయవాలనూ అలాగే కడతారు. లోహపు పిన్ను మెరుస్తుంది, దారం మెరవదు.

జిఫ్‌గా, అంటే తనంతట తానే తిరుగుతూ ఉండే బొమ్మ ఫైలుగా, సేవ్ చేసేటట్టయితే సెకనుకు 10 ఫ్రేములు పెట్టుకోండి. జిఫ్‌లో ఒక్కో ఫ్రేమ్ వ్యవధిని సెకనులో వందో వంతుల్లోనే లెక్కిస్తారు, అందుకే సెకనుకు 12 ఫ్రేములు సరిగ్గా కుదరవు. ఒక్కో ఫ్రేములో 256 రంగులకు మించి పట్టవు కాబట్టి కాగితం నీడలు చారలు చారలుగా వస్తాయి. నీడలు అందంగా పడిన బొమ్మను వీడియోగానే దాచుకుంటాను.

గాజు పలకల మీద పొరలు పొరలుగా బొమ్మలు పరిచి తీయాలనుకునేవాళ్లకు ఈ సెటప్ చాలదు. వాళ్లు మంచి కెమెరా కొని, కంప్యూటర్‌లో డ్రాగన్‌ఫ్రేమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌కు కలుపుకోవాలి.