రీకాంబినెంట్ హ్యూమన్ ఐఎల్-2, 50 మైక్రోగ్రాముల వయల్: వాడి చూసిన మాట

ఐఎల్-2 (ఇంటర్‌ల్యూకిన్-2) అంటే రోగనిరోధక తెల్లకణాలైన టీ-కణాలను పెంచే ప్రోటీన్; ఇది ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారైంది. సహజ ప్రోటీన్‌కి ఉండే చక్కెర గొలుసులు దీనికి ఉండవు, కానీ టీ-కణాలు పెంచడానికి ఆ లోటు అడ్డు కాదు. పౌడర్ కంటికి దాదాపు ఆనదు; మూత తీసేముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒక చిన్న స్పిన్ ఇవ్వకపోతే సగం సరుకు మూతకే అంటుకుపోతుంది.

కరిగించడంలోనే చాలామంది బోల్తా పడతారు. పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు ద్రావణం) వేస్తే ఇది ముద్దకడుతుంది. 100 మిల్లీమోలార్ ఎసిటిక్ యాసిడ్‌ (100 మి.లీ.లో గ్లేషియల్ 0.58 మి.లీ.) 500 మైక్రోలీటర్లు గోడ వెంట పోసి, 10 నిమిషాలు వదిలేయండి. వోర్టెక్స్ (గిరగిరా కుదిపే యంత్రం) వద్దు, నురగ వస్తే ప్రోటీన్ పాడైనట్టే. తర్వాత 0.1 శాతం బీఎస్‌ఏ (ప్రోటీన్‌ను కాపాడే ఆవు ఆల్బుమిన్) కలిపి 20 మైక్రోలీటర్ల ఆలికాట్లుగా (చిన్న వాటాలుగా) పంచి, మైనస్ 80 డిగ్రీల సెల్సియస్‌లో పెట్టాలి. కరిగించినది మళ్లీ గడ్డకట్టించకూడదు.

లేబుల్‌పై ఉన్నది మిల్లీగ్రాముకు కోటి యూనిట్ల చురుకుదనం. అంటే మిల్లీలీటరుకు 300 యూనిట్లు కావాలంటే 30 నానోగ్రాములు; ఒక ఆలికాట్ 66 మి.లీ. మీడియాకు (కణాలు పెంచే ద్రవానికి) సరిపోతుంది. లాట్ (తయారీ విడత) మారితే ఈ లెక్కా మారుతుంది, ఆ లాట్ సర్టిఫికెట్ చూడకుండా పాత లెక్కతో వేయొద్దు.

అసంతృప్తి ఒక్కటే: ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా గోడ నుంచి వచ్చే విషపదార్థం, ఎల్‌పీఎస్) హద్దు మైక్రోగ్రాముకు 1 ఈయూ (ఎండోటాక్సిన్ యూనిట్) అని రాశారు. మోనోసైట్లు (ఎండోటాక్సిన్‌కి వెంటనే స్పందించే తెల్లకణాలు) కలిసిన కల్చర్‌కి ఇది ఎక్కువే, 0.1 లోపు ఉండాలి. అనుమానం ఉంటే ఈ ద్రావణంలో కొంత మరిగించి, పోల్చి చూసే కంట్రోల్‌గా పెట్టండి: ప్రోటీన్ చచ్చినా కణాల నుంచి టీఎన్‌ఎఫ్ (వాపు పుట్టించే ప్రోటీన్) వస్తోందంటే అది ఎల్‌పీఎస్ పనే.